వేతనము లేని పని యంతయు సేవయేనా?

ఒక వృత్తిలో ఉన్నవారు తమ వృత్తిసంఘమునకై వేతనము లేకుండ చేయు పనిని లోకము సేవ అనియే పిలుస్తున్నది. పగలంతయు రోగుల బిగిసిన కీళ్లు కదిలించి, నడవలేనివారిని నాలుగడుగులు నడిపించి అలసిన ఫిజియోథెరపిస్టు, ఇల్లు చేరవలసిన వేళ ఉపసంఘ సమావేశమునకు పోతాడు. అక్కడ నియమావళి చదివి దిద్దవలెను. పరీక్షాపత్రములు చూడవలెను. తోటివానిపై వచ్చిన ఫిర్యాదు విచారింపవలెను. చేతికి పైసా రాదు. ఇది త్యాగమే కదా అని ఎవరైనను అనవచ్చును. అయితే పైసా రాకపోవుట ఒక్కటే పనిని సేవగా మార్చగలదా? వర్తకసంఘములో కూర్చుండి ధరలు పెంచు తీర్మానము వ్రాసినవానికిని జీతము లేదు.

ఈ ప్రశ్నకు తర్కములో కంటె ఒక సంఘముయొక్క చరిత్రలో ఎక్కువ వెలుగు దొరుకుతుంది. 1894లో లండను నగరమున లూసీ రాబిన్సన్, రోజలిండ్ పాగెట్, ఎలిజబెత్ మాన్లీ, మార్గరెట్ పామర్ అను నలుగురు స్త్రీలు, శిక్షణ పొంది మర్దనచికిత్స చేయు స్త్రీలకొక సంఘమును స్థాపించినారు. నేడు చార్టర్డ్ సొసైటీ ఆఫ్ ఫిజియోథెరపీ అని పేరొందిన సంస్థకు అదే మూలము. ఆనాడు ఆ నగరములో మర్దనశాలల పేరిట వ్యభిచారగృహములు నడుస్తుండెడివి. ఆ సంవత్సరమే బ్రిటిష్ మెడికల్ జర్నల్ ఆ సంగతిని బయట పెట్టినది. నిజముగా రోగి శరీరమునకు ఊరట కలిగించు స్త్రీల పేరుకూడ ఆ బురదలో పడినది. ఆ నలుగురు పత్రికలకు ఖండనలు పంపి ఊరకుండవచ్చును. వారు ముందు తమకు తాము కట్టుబాట్లు వ్రాసికొన్నారు.

ఆ కట్టుబాట్లు ఇవి: వైద్యుని ఆదేశము లేక మర్దన చేయరాదు. వైద్యపత్రికలలో తప్ప ఎక్కడను ప్రకటనలు వేయరాదు. రోగులకు మందులు అమ్మరాదు. పురుషులకు సాధారణముగా మర్దన చేయరాదు; అత్యవసర సందర్భములలో వైద్యుడు ప్రత్యేకముగా కోరినప్పుడు మాత్రము చేయవచ్చును. వీనిని ఒక్కసారి వ్యాపారి కంటితో చూడవలెను. ప్రకటన లేకున్న గిరాకి తగ్గును. మందులు అమ్మకున్న పైరాబడి పోవును. పురుషులను వదలుకొన్న రోగులలో సగమువంతు పోయినట్లే. ఉపసంఘములో కూర్చున్నవారు తమ వృత్తివారి సంపాదనను తామే కోసికొన్నారు. వారి పనిని సేవ అనుటకు వేతనము లేకపోవుట కంటె ఈ కోతయే పెద్ద ఆధారము.

కాని ఇక్కడ ఆగిన పొరపాటే. ఆ కట్టుబాటు బరువు మోసినవారు ఆ స్త్రీలు మాత్రమేనా? అంత అత్యవసరమని ఏ వైద్యుడును భావింపని నడుమునొప్పితో బాధపడు పురుషుడొకడు ఉంటే, వానికి మంచి చేతుల చికిత్స దూరమైనది. వాడు సమావేశములో లేడు, వాని మాట ఎవరును అడుగలేదు. సంఘముయొక్క పరువుకై చేసిన త్యాగములో కొంతభాగము ఆ అనామకుని చేత చేయింపబడినది. ఆనాటి పరిస్థితిలో వేరు దారి ఉన్నదని చెప్పుట కష్టము. ఆ పేరు నిలువనిదే వృత్తియే నిలిచెడిది కాదు. అయినను, తన సమయమును దానము చేయువాడు పరుల కష్టమునుకూడ తన దానములో కలిపి లెక్క వ్రాసికొను ప్రమాదము ప్రతి ఉపసంఘములోను ఉన్నది. తరువాత 1914లో యుద్ధము వచ్చి గాయపడిన సైనికులు వేలకొలది చేరినప్పుడు, వారి అవయవములకు మర్దన చేసినది ఈ వృత్తి స్త్రీలే. అవసరము కట్టుబాటును మించినది.

పరీక్షల సంగతి ఇంకను సున్నితమైనది. పరీక్ష కఠినము చేసిన రోగికి రక్షణ. పేదింటి పిల్లకు తలుపు మూత. సులభము చేసిన దీనికి వ్యతిరేకము. పోటీ తగ్గించుకొనుటకు పరీక్షను బిగించి, రోగి క్షేమముకోసమని చెప్పుట ఏ వృత్తిలోనైనను వింత కాదు. దీనికి సమాధానము వంటి దృష్టాంతము ఆ యుద్ధకాలములోనే కలదు. యుద్ధములో చూపు పోగొట్టుకొన్న సైనికులు కొందరు సెయింట్ డన్‌స్టన్స్ అను ఆశ్రయములో చేరి, ఎముకలను, కండరములను వ్రేళ్లతో తడిమి నేర్చుకొని, ఆ సంఘపు పరీక్షకే కూర్చుండి ఉత్తీర్ణులైనారు. వారికై తక్కువరకపు పట్టా ఒకటి సృష్టించుట సులభము. అది దయగా కూడ కనిపించెడిది. రోగికి కావలసినది తెలిసిన చేయి. ఆ చేయి కలవానికి కన్ను లేదని తలుపు మూయుట అన్యాయము, కన్ను లేదని తెలియని చేతిని పంపుట అంతకంటె అన్యాయము.

ఉపసంఘమున కూర్చుండువాడు ఇచ్చు సమయము ఎవరిదన్న ప్రశ్నకూడ ఉన్నది. అది వాని ఒక్కనిదే కాదు. భార్య వంటగదిలో ఎదురుచూచిన గంటలు, పిల్లవాని పాఠము వినని సాయంకాలములు, అలసిన చేతులతో మరునాడు చూచిన రోగికి తగ్గిన శ్రద్ధ, అన్నియు అందులో చేరి ఉన్నవి. ఆయ్దక్కి మారయ్య కథ శరణుల ఇండ్లలో తెలియనివారు లేరు. రాలిన బియ్యము ఏరి దాసోహము నడుపు ఆ దంపతులలో భర్త ఒకనాడు అక్కరకు మించి తెచ్చినాడు. లక్కమ్మ దానిని తిరిగి పోసి రమ్మన్నది. ఆ బియ్యము దొంగిలించినది కాదు, దాసోహమునకే తెచ్చినది. అయినను అక్కరకు మించినది లోభమే అయినది. అయిదు ఉపసంఘములలో పేరు వ్రాయించుకొని ఏ ఒక్కదానికిని సిద్ధపడి రానివాడు మోయునది ఇటువంటి బియ్యమే. పదవి విషయములో ఇల్లాలి మాట వినువారు అరుదు.

కట్టుబాటు వ్రాసినవారి సేవ ఒకటైతే, కాలము మారినప్పుడు దానిని విప్పినవారి సేవ మరొకటి. వైద్యుని ఆదేశము లేక చేయి వేయరాదన్న నియమము 1894లో వృత్తికి కవచము. తరువాతి తరములకు అదే సంకెల అయినది. రోగి స్థితిని చేతితో తెలిసికొన్నవాడు ఏ చికిత్స, ఎన్నాళ్లు అన్నది తాను చెప్పరాదు. బ్రిటనులో 1960 నాటి చట్టముతో ప్రభుత్వ రిజిస్టరు వచ్చినది. 1977లో ఆరోగ్యశాఖ, పంపబడిన రోగికి చేయవలసిన చికిత్స స్వరూపమును, కాలమును ఫిజియోథెరపిస్టు నిర్ణయింపవచ్చునని అంగీకరించినది. మొదటివారు అధికారము వదలుకొన్నారు, తరువాతివారు దానిని కోరినారు. పైకి చూచిన మొదటిది త్యాగము, రెండవది స్వార్థము. రోగి మంచము పక్కనుండి చూచిన రెండును ఒక్కటే కావచ్చును. ఆ అధికారముతో రోగికి ముందుగా, సరియైన చికిత్స అందినదా లేక ఫీజు మాత్రమే పెరిగినదా అన్నదే పరీక్ష.

మన దేశములో ఫిజియోథెరపిస్టుల అఖిలభారత సంఘము 1955లో ఏర్పడినది. ఈ వృత్తికూడ చేరిన జాతీయ కమిషను చట్టము 2021లో వచ్చినది. పట్టాలు, రిజిస్టర్లు ఇక చట్టము చూచుకొనవలసిన పనులు. చట్టము చూడలేని పని ఉపసంఘములకు ఇంకను మిగిలియున్నది. పక్షవాతముతో కుడిచేయి పడిపోయిన రైతు పల్లెలో మంచముపై ఉన్నాడు. వారమునకు మూడుసార్లు పట్టణమునకు తీసికొనిరమ్మన్నారు. బస్సు ఖర్చు, తోడు వచ్చు కొడుకు కూలి, రెండును పోవును. రెండవ వారమునకే రాకపోకలు ఆగినవి. ఆదివారమునాడు పట్టణములో సమావేశము జరుగును. అజెండాలో మొదటి అంశము పేరుకు ముందు ఏ బిరుదు పెట్టుకొనవలెనన్నది. ఆ రైతు సంగతి ఏడవ అంశముగా వ్రాసినవాడొకడు ఆ గదిలో ఉన్నాడు. భోజనవేళ దాటినను లేచిపోక, దాని వంతు వచ్చువరకు కూర్చున్నాడు.