పౌరసత్వ పరీక్ష: జ్ఞానం, అర్హత, విధేయత

జన్మతః పౌరుడైన వ్యక్తిని రాజ్యాంగం గురించి ఏ అధికారీ ప్రశ్నించడు. వలస వచ్చి స్థిరపడిన వ్యక్తి మాత్రం సమాధానం చెప్పితీరాలి. ఒకే హక్కుకు గల రెండు ద్వారాలలో ఒకదాని వద్దనే పరీక్ష ఉండటం న్యాయమేనా? అమెరికాలోని తెలుగువారికి సుపరిచితమైన పౌరసత్వ పరీక్ష ఆధారంగా ఈ వ్యాసం ఆ ప్రశ్నను పరిశీలిస్తుంది.

అమెరికాలో 1906 నాటి చట్టం దరఖాస్తుదారు ఆంగ్లం మాట్లాడగలగాలని నిర్దేశించింది. 1950 నాటి చట్టం చదవడం, రాయడంతోపాటు చరిత్ర, ప్రభుత్వ వ్యవస్థల పరిజ్ఞానాన్నీ చేర్చింది. 2008 నాటి విధానంలో ముందే ప్రకటించిన 100 ప్రశ్నల నుంచి పదింటి వరకు అడిగేవారు. ఆరు సరైన సమాధానాలు చాలు. 2025 అక్టోబరు 20 నుంచి దాఖలైన దరఖాస్తులకు పట్టిక 128 ప్రశ్నలకు పెరిగింది. అడిగే 20 ప్రశ్నలలో 12 సరిపోవాలి.

పరీక్ష పక్షాన బలమైన వాదం చరిత్రలోనే ఉంది. అమెరికా సైన్యంలో పనిచేసిన భగత్ సింగ్ థింద్ పౌరసత్వానికి అనర్హుడని 1923లో అక్కడి సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది. దానికి ప్రాతిపదిక జాతి; ఆయన జ్ఞానంతో గాని సేవతో గాని నిమిత్తం లేదు. భారతీయులకు ఆ అవరోధం 1946లో తొలగింది. పుట్టుకను ఎవరూ మార్చుకోలేరు. ప్రకటిత ప్రశ్నలను ఎవరైనా నేర్చుకోగలరు. ఆ మేరకు పరీక్ష అధికారి ఇష్టానిష్టాలకు కళ్ళెం.

అయితే అది కొలిచేది దేనిని? యాభై ఏళ్ళు నిండి, ఇరవై ఏళ్ళు శాశ్వత నివాసిగా ఉన్నవారికి ఆంగ్ల నిబంధన వర్తించదు. దుభాషి సాయంతో తెలుగులోనే సమాధానం చెప్పవచ్చు. అంటే భాషాజ్ఞానం, పౌరజ్ఞానం వేరువేరని ఆ చట్టమే అంగీకరిస్తున్నది. భారత పౌరసత్వ చట్టం (1955) సహజీకరణకు ఎనిమిదవ షెడ్యూలులోని ఏదో ఒక భాషలో తగిన పరిజ్ఞానం కోరుతుంది. అక్కడ తెలుగు చాలు. పౌరుడికి ఏ భాష అవసరమన్నది రాజ్యం చేసుకునే ఎంపికే తప్ప పౌరసత్వ స్వభావంలోనే ఉన్న నియమం కాదని దీనివల్ల తేలుతుంది.

విధేయత సంగతి మరింత జటిలం. ప్రమాణ సమయంలో అభ్యర్థి పూర్వరాజ్యం పట్ల విధేయతను త్యజించాలి. స్వచ్ఛందంగా పరదేశ పౌరసత్వం పొందగానే భారత పౌరసత్వం రద్దవుతుందని 1955 చట్టంలోని 9వ సెక్షను చెబుతుంది. ఈ త్యాగపు బరువును ఏ ప్రశ్నాపత్రమూ తూచలేదు. జన్మతః పౌరుడు దానిని ఎన్నడూ మోయనవసరం లేదు.

కనుక పరీక్షను యోగ్యతకు నిదర్శనంగా భావించడం పొరపాటు. నేర్చుకునే బాధ్యతగా మాత్రమే అది సమర్థనీయం. బాధ్యత అయినప్పుడు అది ఒక పక్షానికే పరిమితం కారాదు: వలసదారుకు నేర్చుకునే వసతి, స్వదేశీయుడికి అదే జ్ఞానం కలిగించే విద్య రాజ్యం సమకూర్చాలి. అవి కొరవడితే పరీక్ష జ్ఞానం పేరిట పుట్టుకనే తిరిగి కొలిచినట్లవుతుంది.