తీర్పు ఆలస్యమైనప్పుడు విశ్వాసి కర్తవ్యం

కేసు గెలిచినవాడు సంతోషిస్తాడు. ఓడినవాడు కొంతకాలం బాధపడి మళ్ళీ తన పనిలో పడిపోతాడు. తీర్పే రానివాడి సంగతి వేరు. చేతిలో ఉన్న సొమ్ము తనదో కాదో తేలదు. కొట్టు పెంచాలన్నా, కూతురి నికాహ్ జరపాలన్నా మనసు ముందుకు సాగదు. పన్ను వివాదాలలో చిక్కుకున్న వ్యాపారస్తుల పరిస్థితి తరచుగా ఇదే. ఈ నిరీక్షణలో విశ్వాసి ఎలా మసలుకోవాలి? సహనం అంటే చేతులు ముడుచుకుని కూర్చోవడమేనా? తీర్పు వచ్చేదాకా ఆ సొమ్ము ఎవరిదని భావించాలి?

మన దేశంలోనే దీనికి పెద్ద ఉదాహరణ ఉంది. 2017 జూలై 1న జి.ఎస్.టి. అమలులోకి వచ్చింది. అధికారి విధించిన పన్ను అన్యాయమనిపిస్తే మొదట శాఖలోని అప్పీలు అధికారి దగ్గరకు, అక్కడ కూడా ఓడితే ట్రిబ్యునల్‌కు వెళ్ళవచ్చునని చట్టం చెప్పింది. కాని ఆ ట్రిబ్యునలే లేదు. దాని సభ్యుల కూర్పు చెల్లదని 2019లో మద్రాసు హైకోర్టు తీర్పు ఇచ్చింది. 2023లో చట్టాన్ని సవరించారు. 2024 మే నెలలో అధ్యక్షుడు ప్రమాణస్వీకారం చేశారు. చివరకు 2025 సెప్టెంబరు 24న ఢిల్లీలో దానిని ప్రారంభించారు. మన తెలుగు ప్రాంతాలకు హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్నం బెంచీలను కేటాయించారు. అంటే ఎనిమిది సంవత్సరాలకు పైగా, చట్టం చూపిన తలుపు కోసం జనం ఎదురుచూశారు. స్తోమత ఉన్నవారు హైకోర్టులో రిట్ వేసుకున్నారు. లేనివారు ఆగిపోయారు. మొదటి అప్పీలు వేయాలంటేనే వివాదంలో ఉన్న పన్నులో 10 శాతం ముందుగా కట్టాలి. లక్ష రూపాయల వివాదంలో పదివేలు అలా వెళ్ళిపోతాయి. చిన్న దుకాణదారుకు అది చిన్న మొత్తం కాదు.

ఆలస్యం కూడా అన్యాయమే

ఇచ్చే స్తోమత ఉండి కూడా బాకీ తీర్చకుండా వాయిదాలు వేయడం దౌర్జన్యమని దైవప్రవక్త (స) హెచ్చరించారు (బుఖారీ, ముస్లిం). హక్కును ఎగవేయడమే కాదు, దానిని ఆలస్యం చేయడం కూడా పాపమేనని దీనివల్ల తెలుస్తోంది. హజ్రత్ ఉమర్ (రజి) న్యాయవిచారణ గురించి హజ్రత్ అబూ మూసా అష్అరీ (రజి)కి వ్రాసిన లేఖ ప్రసిద్ధమైనది. ఆధారం తెచ్చుకుంటానన్న వ్యక్తికి ఒక గడువు నిర్ణయించాలనీ, ఆధారం తెస్తే అతని హక్కు ఇప్పించాలనీ, తేకపోతే తీర్పు చెప్పాలనీ అందులో ఉంది. అంటే వేచి ఉండటానికి కూడా ఒక హద్దు ఉండాలి. కాబట్టి తీర్పు త్వరగా ఇమ్మని అడగడం సహనానికి విరుద్ధం కాదు.

హజ్రత్ యూసుఫ్ (అలైహి) ఆదర్శం

హజ్రత్ యాఖూబ్ (అలైహి) అందమైన సహనం వహించారు. అయితే ఆయనే తన కుమారులతో, వెళ్ళి యూసుఫ్‌ను వెతకండి, అల్లాహ్ కారుణ్యం పట్ల నిరాశ చెందకండి అని చెప్పారు (యూసుఫ్: 87). సహనం, ప్రయత్నం రెండూ ఒకే నోట వెలువడ్డాయి.

హజ్రత్ యూసుఫ్ (అలైహి) నిరపరాధి. అయినా కారాగారంలో ఉన్నారు. విడుదలై వెళ్తున్న తోటి ఖైదీతో, రాజు దగ్గర తన సంగతి ప్రస్తావించమన్నారు. ఆ మనిషి మరచిపోయాడు. మరికొన్ని సంవత్సరాలు చెరలోనే గడిచాయి. చివరకు రాజు కబురు పంపినప్పుడు ఆయన వెంటనే బయటకు పరుగెత్తలేదు. ముందు ఆ స్త్రీల వ్యవహారం విచారించమని దూతను తిప్పి పంపారు (యూసుఫ్: 50). తానైతే పిలిచిన వెంటనే వెళ్ళేవాడినని దైవప్రవక్త (స) అనడం (బుఖారీ) యూసుఫ్ (అలైహి) సహనానికి గొప్ప ప్రశంస. ఆయన కోరుకున్నది కేవలం విడుదల కాదు, నిజం తేలడం. మనం కోరుకుంటున్నది ఏమిటి? నిజం తేలడమా, లేక ఎలాగోలా బయటపడటమా?

కోర్టు కంటే ముందు ఇవ్వవలసిన తీర్పు

ఒకరి సొమ్ము ఒకరు అన్యాయంగా తినకూడదనీ, తెలిసి తెలిసి పరుల సొమ్ము కాజేయడానికి అధికారుల దగ్గరకు వ్యాజ్యం తీసుకుపోకూడదనీ దివ్య ఖుర్ఆన్ ఆదేశిస్తోంది (అల్ బఖర: 188). వాదనా పటిమతో తన పక్షాన తీర్పు పొంది, సోదరుని హక్కును తీసుకున్నవాడు అగ్నిఖండాన్నే తీసుకున్నట్లని దైవప్రవక్త (స) హెచ్చరించారు (బుఖారీ, ముస్లిం). దైవప్రవక్త (స) ఇచ్చిన తీర్పే హరామ్‌ను హలాల్ చేయనప్పుడు, ట్రిబ్యునల్ తీర్పు చేస్తుందా?

రెండు కేసులు చూడండి. ఒక వ్యాపారి సరుకు కొని, అమ్మినవానికి పన్నుతో సహా బిల్లు చెల్లించాడు. అమ్మినవాడు ఆ పన్ను ఖజానాకు జమ చేయలేదు. శాఖవారు కొన్నవానికి పన్ను మినహాయింపు చెల్లదన్నారు. ఇతడు నిజంగా బాధితుడు. ఎన్నేళ్ళయినా పోరాడవచ్చు. మరో వ్యాపారి బిల్లు మీద పన్ను వ్రాసి ఖాతాదారుల నుండి వసూలు చేశాడు, కాని కట్టలేదు. నోటీసు రాగానే అప్పీలు వేసి, కేసు నడుస్తోంది కదా అంటున్నాడు. అతని చేతిలో ఉన్నది అమానత్. దానిని జమ చేయాలని చట్టం కూడా చెబుతోంది. బయటికి ఇద్దరూ తీర్పు కోసం ఎదురుచూస్తున్నవారే. కాని రెండోవాని తీర్పు ఏనాడో వచ్చేసింది, అతని మనసుకు అది తెలుసు. అతనికి ఆలస్యం కష్టం కాదు, లాభం. ఆ లాభమే అతనికి ప్రమాదం.

నిరీక్షణా కాలంలో

కేసు ఉందన్న సాకుతో పనివాళ్ళ జీతాలు ఆపకూడదు. మిగిలిన ఆస్తిపై జకాత్ ఆగదు. పన్ను కట్టడం జకాత్‌కు బదులు కాదు. ముందుగా కట్టిన డిపాజిట్‌పై జకాత్ సంగతి, అది వాపసు వచ్చినప్పుడు దానితో కలిసి వచ్చే వడ్డీ సంగతి ముఫ్తీని అడిగి తెలుసుకోవాలి. ఫైలు త్వరగా కదలడానికి లంచం దారి వెతకకూడదు. లంచం ఇచ్చేవానినీ పుచ్చుకునేవానినీ దైవప్రవక్త (స) శపించారు (అబూదావూద్, తిర్మిజీ). వివాదం వివరాలు, కట్టిన మొత్తం, కాగితాలున్న చోటు ఇంటివారికి వ్రాసి తెలియజేయాలి. తీర్పుకంటే ముందు మృత్యువు రావచ్చు. వారసులు చీకటిలో మిగలకూడదు.

ఇహలోక న్యాయస్థానం ఆలస్యం చేయవచ్చు, పొరపడవచ్చు. పరలోక న్యాయస్థానంలో వాయిదాలు లేవు, పొరపాటు అసలే లేదు. అక్కడ లెక్క అడగకముందే మన లెక్క మనం చూసుకునే సద్బుద్ధిని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! బాధితులకు త్వరగా న్యాయం చేకూర్చుగాక! ఆమీన్.