ఆర్తుని మొర - పరిచారిక వినికిడి

చికిత్సకు పాదములు నాలుగని చరకసంహిత సూత్రస్థానము నిర్ణయించినది: వైద్యుడు, ఔషధము, ఉపస్థాత, రోగి. ఉపస్థాత యనగా నేటి నర్సు. ఉపచారజ్ఞానము, దక్షత, రోగియందు అనురాగము, శౌచము ఆమెకు ఉండవలసిన గుణములు. రోగికి చెప్పిన గుణములలో జ్ఞాపకత్వ మొకటి. అనగా తన బాధను తెలియజెప్పగలుగుట. చెప్పువానికి వినువారు దొరకనిచో ఆ గుణము వ్యర్థమే కదా!

వినుటయు విద్యయే. పోటు, సలుపు, తీపు, మంట - తెలుగువాని నొప్పికి ఇన్ని పేర్లు. మంటయు తిమ్మిరియు కూడియున్నచో నరములకు సంబంధించిన బాధ కావచ్చును. దానికి మందు వేరు. కావున నేర్పరియైన నర్సు "నొప్పి యున్నదా?" అని యడిగి ఊరకుండదు. ఎక్కడ, ఎట్టిది, ఎప్పటినుండి, కదలినచో హెచ్చునా అని యడుగును. సున్న మొదలు పది వరకు ఎంతయో చెప్పుమనును. ఆ అంకె రోగిది. ఆమెది కాదు, ప్రక్కన కూర్చున్న బంధువులది అసలే కాదు. అనుభవించువాని మాటయే నొప్పికి ప్రమాణమని 1968లో అమెరికా దేశపు నర్సు మార్గో మెక్‌కాఫ్రీ బోధించినది. సుఖదుఃఖములు మానసప్రత్యక్షమునకే గోచరములని మన నైయాయికు లేనాడో చెప్పియున్నారు.

ఇంటివారు మాత్రము "పూర్వకర్మ, అనుభవింపక తప్పదు, నామము స్మరించుకొనుము" అందురు. స్మరణ మంచిదే. కాని గజేంద్రుడు మొరపెట్టినప్పుడు, వాడు అగస్త్యశాపమున ఏనుగైన ఇంద్రద్యుమ్నుడని స్వామి యెరుగడా? ఎరిగియు ఆ లెక్క తీయలేదు. ఉన్నవా డున్నట్లే బయలుదేరినాడు. పరదుఃఖమును సహింపలేకుండుటయే దయ యని శ్రీవైష్ణవాచార్యుల నిర్వచనము. పరుని దుఃఖమును పరునిచేతనే సహింపజేయుట దయ యెట్లగును?

మొరపెట్టలేనివారి మాట యేమి? ఉత్తర గర్భమున బ్రహ్మాస్త్రముచే దహింపబడుచున్న శిశువునకు నోరు లేదు. తల్లి పరుగున పోయి శ్రీకృష్ణునితో చెప్పుకొన్నది. పసిబిడ్డల యెడ, తెలివిలేని రోగుల యెడ నర్సు చేయవలసిన దదియే. పసివారి ముఖము, కాళ్లు, కదలిక, ఏడుపు, ఓదార్చిన ఊరడిల్లుట - ఈ ఐదింటిని చూచి, ఒక్కొక్కదానికి 0 నుండి 2 వరకు గుణించు పద్ధతి 1997లో ప్రకటింపబడినది. మన వృద్ధమాతల సంగతి మరింత చిక్కు. "ఏమీ లేదమ్మా" యందురు. పిడికిట దుప్పటి నలుగుచుండును. ప్రక్కకు తిప్పునప్పుడు నొసలు ముడిపడుట చూచిన నర్సు ఆ మాటను నమ్మదు.

మార్ఫీను పేరు వినగానే అలవాటగునని కుటుంబములు బెదరును. క్యాన్సరు తీవ్రబాధకు వైద్యుని పర్యవేక్షణలో ఇచ్చు మందును ఆ బెదురుతో మాన్పించుట రోగికి చేసిన అపచారమే. మగతను, శ్వాసను కనిపెట్టుచుండుటకు నర్సు ఉన్నది. మాత్ర మింగించిన గంట కామె మరల వచ్చి అదే ప్రశ్న వేయును. ఎనిమిది నాలుగైనదా, అట్లే యున్నదా? అట్లే యున్నచో, అర్ధరాత్రియైనను, వైద్యునికి కబురు పోవును.