గట్టెక్కిన నీరు

మిర్యాలగూడనుండి కోదాడవైపు పోవు దారిలో, సాగరు ఎడమకాలువ గట్టుమీద, ఒకనాటి సాయంకాలము నేను చూచినది మిక్కిలి చిన్న విషయమే యైనను, ‘అసాధ్యము’ అను మాట వినబడినప్పుడెల్ల నాకదియే జ్ఞప్తికి వచ్చుచుండును. కాలువలో నీరు నిండుగా పారుచుండెను. గట్టు కీవల నాటు వేసిన మడి నెఱ్ఱెలువాఱుచుండెను. రైతొకడును అతని కొడుకును నల్లని పైపు నొకదానిని కాలువలో ముంచి, గాలిబుడగలన్నియు పోవువఱకు నిలిపి, చెఱియొక మూతిని అరచేత మూసికొని, ఒక కొనను నీటియందే విడిచి, రెండవకొనను గట్టుమీదుగా మడిలోనికి దింపి చేతులు తీసిరి. మోటారు లేదు, కరెంటు లేదు. నీరు గట్టెక్కి మడిలో దుముకసాగెను. ‘‘నీళ్ళు పైకెక్కుతున్నవే!’’ యంటిని. ‘‘ఎక్కుడు కాదు సారూ, దిగుడే. దిగెటందుకు జరంత ఎక్కుతున్నయ్’’ అని రైతు పైపుమూతిని మెల్లమెల్లగా పైకెత్తెను. కాలువనీటి మట్టమును దాటగానే ధార తెగి, పైపు గుటకవేసినట్లు చప్పుడుచేసి యూరకుండెను.

నీరు పల్లమెఱుగునను సామెతకు అక్కడ భంగము వాటిల్లలేదు. శాస్త్రము నిషేధించినది నీరు గట్టెక్కుటను గాదు. వెల యేదియు చెల్లింపక, తుదకు మొదటికంటె మెరకను చేరి నిలుచుటను. గట్టెక్కుటకు సైతము వాయుపీడన మొక మేర నేర్పఱచినది: నీటిమట్టమునకు గట్టు సుమారు 10 మీటర్లు మించినచో పైపు నిండుగా నిలువదు. శాస్త్రజ్ఞుడు అసాధ్యమనునప్పుడు ఈ షరతులన్నియు ఆ మాటలో నిమిడియుండును. మనము షరతులను జాఱవిడిచి మాటను మాత్రము చేతబట్టుకొందుము.

1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన నాగార్జునసాగరునుండి 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీరు విడిచెను. ఆ నీరు మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ పొలములను వెదకికొని వచ్చుటకు ఆధారమైనది ఈ నిషేధమే. సర్వే చేసినవారు నేలయొక్క సమోన్నతరేఖలను పట్టి, లేశమాత్రపు వాలుతో గీత గీచిరి; నీరు ఒక్కచోటనైన తన యిష్టముకొలది మెరకకు పారునేని, కాలువ త్రవ్వువాడు దేనిని నమ్మి త్రవ్వును? ఇట్టి నిషేధమునే ఆధారముగా గొని, ఫ్రాన్సులో శాస్త్రజ్ఞుడు కార్నో 1824లో, నిరంతరము తనంత తాను నడచు యంత్రము అసాధ్యమను నొక్క మాటనుండి బయలుదేఱి, ఆవిరియంత్రమునుండి రాబట్టగల పనికి మేర కనుగొనెను. సూర్యాపేట మెరకభూములకు గోదావరినీటిని ఎత్తిపోతలతో చేర్చిన దినములను ఈ తరము చూచినది. అసాధ్యము సాధ్యమైనదని కొందఱు మురిసిరి, నేనును సంతోషించితిని. అయినను ఒక టీఎంసీ నీటిని 100 మీటర్లు ఎత్తవలెనన్న, యంత్రనష్టము లేవియు లేవనుకొన్నను, సుమారు 77 లక్షల యూనిట్ల విద్యుత్తు కావలెను. అంతకు ఒక్క యూనిటు తగ్గించుకొను బేరము ప్రకృతితో కుదురదు.

సర్వశక్తుడైన భగవంతుడు నీటిని మెరకకు పారించలేడా యని భక్తులడుగుదురు. నేనును భక్తుడనే. ఒక్కనాటి అద్భుతముకంటె, ఏనాడును మాట తప్పక నీరు పల్లమునకే పారుట నాకు గొప్ప యనుగ్రహముగా తోచుచున్నది. పేదవాని మడి ఆ నమ్మకము మీదనే పండుచున్నది.

అయితే అసాధ్యమన్న ప్రతిమాటకు ఈ గౌరవ మీయదగునా? ఆంధ్రుడైన అన్నంభట్టు తర్కసంగ్రహమున అభావమును నాలుగువిధములుగా విభజించెను. కుండ పుట్టకమునుపు మట్టియందుండు కుండలేమి ప్రాగభావము. కుమ్మరి చేయి పడినతోడనే అది నశించును. వాయువునందు రూపములేకుండుట అత్యంతాభావము. అది త్రికాలములందును ఉండును. రెండింటిని ‘లేదు’ అను నొక్క మాటతోనే చెప్పుదుము గనుక, ఒకదానిని మఱొకటిగా భ్రమించుట సులభము. వేఱుపఱచు ఉపాయమును మన తార్కికులే చెప్పిరి: ఉన్నచో తప్పక కనబడవలసినది కనబడనప్పుడే, కనబడకుండుట లేమికి ప్రమాణము. భాస్కరాచార్యుడు 12వ శతాబ్దమున పాదరసముతో తనంత తాను తిరుగు చక్రమును వర్ణించెను. అట్టిది లేదనుటకు కారణము, చేయబూనినవారు ఓడిపోవుట మాత్రమే కాదు. అది ఉండదగినదే యైనచో దాని జాడ ప్రతి కాలువలోను, ప్రతి మిల్లు చక్రములోను, ప్రతి మోటారులోను ఎప్పుడో బయటపడవలసి యుండెను.

ఫ్రెంచి తాత్త్వికుడు ఆగస్ట్ కోంత్‌కు అట్టి ఆధార మేదియు లేదు. నక్షత్రముల దూరములను, చలనములను కొలువవచ్చునేకాని, అవి యే పదార్థములతో నైనవో మనుష్యు డెన్నటికిని ఎఱుగజాలడని 1835లో ఆయన వ్రాసెను. అక్కడికి పోయి పిడికెడు తెచ్చు త్రోవ లేదనుట నిజమే. కాని ఆయన చూచినది ప్రాగభావము, పలికినది అత్యంతాభావము. ఆయన గతించిన రెండేండ్లకే, 1859లో, కిర్కాఫ్, బున్సెన్ అను శాస్త్రజ్ఞులు వెలుగును వర్ణపటముగా విడదీసి, అందలి గీతలను బట్టి మూలకములను గుర్తించు విద్యను కనుగొనిరి.

ఆ విద్యయే మన గుంటూరునకు వచ్చినది. 1868 ఆగస్టు 18నాటి సంపూర్ణ సూర్యగ్రహణమును చూచుటకు ఫ్రెంచి జ్యోతిశ్శాస్త్రజ్ఞుడు పియేర్ జాన్సెన్ అచ్చట వర్ణపటదర్శినిని నిలిపెను. సూర్యుని యంచున లేచు జ్వాలలు అంతవఱకు గ్రహణపు చీకటిలో, కొలది నిమిషములు మాత్రమే, మనుష్యుల కంటబడెడివి. ఆ నిమిషములలో జ్వాలల గీతలు ఆయన పరికరమున ప్రకాశవంతముగా గోచరించెను. అవి ప్రజ్వరిల్లు వాయువులని తేలెను. ఇంత వెలుగుండగా గ్రహణ మెందులకని ఆయనకు తోచెను. మరునాడు, 19వ తేదీన, గుంటూరు వీధులలో జనులకు ఏనాటి సూర్యుడో ఆనాటి సూర్యుడే. జాన్సెన్ మాత్రము పరికరపు సన్నని చీలికను సూర్యబింబపు టంచున నిలిపి, చీకటి యక్కఱలేకయే, ఆ జ్వాలలను పట్టపగలు మరల చూచెను.