నాన్న కూడా పరీక్ష చేయించుకోవాలా?

ఎయిడ్స్ మీద వ్యాసమంటే సూదులు, రక్తం, జాగ్రత్తలు అని రాసి ముగించడం అలవాటు. నేను ఒక్క ప్రశ్న గురించే రాస్తున్నాను. పుట్టబోయే బిడ్డకు హెచ్.ఐ.వి. రాకుండా చూసుకునే బాధ్యత అమ్మ ఒక్కదానిదేనా?

మన రాయచూరు జిల్లాలో గర్భిణికి తాయి కార్డు ఇస్తారు. తాయి అంటే కన్నడంలో తల్లి. ఆ కార్డు తీసుకొని ఆసుపత్రికి పోతే మిగతా రక్తపరీక్షలతో పాటు హెచ్.ఐ.వి. పరీక్ష కూడా చేస్తారు. నాన్న బయట చెట్టు కింద బండి మీద కూర్చొని ఉంటాడు, లేకపోతే బెంగళూరులో కూలి పనిలో ఉంటాడు. తొలి కాన్పు పుట్టింట్లో జరుగుతుంది కాబట్టి కొందరు నాన్నలు ఆసుపత్రి గుమ్మం కూడా ఎక్కరు.

దీనివల్ల ఏమవుతుందంటే, జబ్బు ముందు అమ్మ రక్తంలో బయటపడుతుంది. ఎవరి రక్తంలో ముందు బయటపడితే వాళ్లే తెచ్చారని ఇంట్లో అంటారు. ఆ మాటకు భయపడి ఆమె దాచిపెడుతుంది. మాత్రలు బియ్యం డబ్బాలో దాచుకొని రోజూ వేళకు వేసుకోవడం ఎంత కష్టమో ఆలోచించండి! మందులు లేకపోతే వంద మంది పిల్లల్లో 15 నుండి 45 మందికి ఈ వైరస్ సోకవచ్చు. తల్లి మందులు వాడి, బిడ్డకు పుట్టగానే సిరప్ పోస్తే 5 మంది కంటే తక్కువకు తగ్గుతుంది. హెచ్.ఐ.వి. ఉన్న గర్భిణులందరికీ జీవితాంతం మందులివ్వడం మన దేశంలో 2014లో మొదలైంది. అవి ఉచితం. మందుకు కరువు లేదు, దాన్ని అందరి ముందు వేసుకునే పరిస్థితే లేదు.

ఇంకో సంగతి. అమ్మకు మూడో నెలలో ఏమీ లేదని వచ్చినా, తరువాత నాన్న నుండి సోకవచ్చు. కడుపుతో ఉన్నప్పుడో, పాలిచ్చేటప్పుడో కొత్తగా సోకితే ఆమె రక్తంలో వైరస్ చాలా ఎక్కువగా ఉంటుంది, బిడ్డకు ప్రమాదం ఇంకా ఎక్కువ. అందుకే అమ్మకు చేసేది సగం పరీక్షే అంటాను. మన ప్రభుత్వ కార్యక్రమానికి పి.పి.టి.సి.టి. అని పేరు పెట్టారు. అందులో రెండో 'పి' అంటే పేరెంట్. చాలా దేశాల్లో అక్కడ 'మదర్' అని ఉండేది. మన దగ్గర పేరులో నాన్న ఉన్నాడు గానీ క్యూలో లేడు.

అయితే బలవంతంగా చేయించాలా? మా తరగతిలో కొందరు చేయించాలనే అన్నారు. నేను ఒప్పుకోను. 2017 చట్టం ప్రకారం మనిషి సమ్మతి లేకుండా ఈ పరీక్ష చేయకూడదు. బలవంతం చేస్తే జనం ఆసుపత్రికే రారు. కానీ వద్దనే హక్కు నాన్నకు ఉన్నట్టు కడుపులో బిడ్డకు లేదు కదా. ఆయన వద్దన్న ప్రతిసారీ ఆ బరువు భార్య మీదే పడుతుంది. ఒక రోజు కూలి పోతుందంటారు. నిజమే, పోతుంది. సీమంతానికి రెండు రోజులు పని మానుకొని వచ్చే మనిషికి ఇది కష్టమని నేను అనుకోను.

1097కు ఫోన్ చేస్తే పరీక్ష ఎక్కడ చేస్తారో చెబుతారు. ప్రభుత్వ కేంద్రంలో డబ్బు తీసుకోరు. భార్యాభర్తలు ఇద్దరూ కలిసి కూడా పోవచ్చు.