ఇరుసు రథమా, ఇంజిన్ కారా?

1990లో లండన్ హైకోర్టు ముందుకు ఒక కారు తగాదా వచ్చింది. కోటి పౌండ్లకు బేరం కుదిరిందని అమ్మినవాడు అన్నాడు. కొంటానన్న సంస్థ వెనక్కి తగ్గింది. బండి బాగాలేదని కాదు, బండి కదలడం లేదనీ కాదు. ‘మేము కొంటామన్న కారు ఇది కాదు’ అన్నది ఆ సంస్థ వాదన. కారు మాత్రం షెడ్డులో భద్రంగానే ఉంది. అది అదేనా, కాదా అని తేల్చడానికి జస్టిస్ ఆటన్ అనే న్యాయమూర్తి నిపుణుల్ని పిలిపించి, పాత కాగితాలు తిరగేసి, నట్టూ బోల్టూ లెక్క చూడవలసి వచ్చింది.

ఆ కారు పేరు ‘ఓల్డ్ నంబర్ వన్’. బెంట్లీ కంపెనీ రేసుల కోసం తయారు చేసిన స్పీడ్ సిక్స్ అది. ఆరు సిలిండర్ల ఇంజిన్, 6,597 సీసీ. 1929లో ఫ్రాన్సులోని లె మాన్ 24 గంటల రేసును వుల్ఫ్ బర్నాటో, టిమ్ బిర్కిన్ ఈ బండితోనే గెలిచారు. ఆ ఏడు మొదటి నాలుగు స్థానాలూ బెంట్లీలవే. 1930లో మళ్ళీ గెలుపు, ఈసారి బర్నాటో పక్కన గ్లెన్ కిడ్‌స్టన్. దక్షిణాఫ్రికా వజ్రాల సంపద వారసుడైన బర్నాటో కంపెనీకి డబ్బు పెట్టినవాడు, చైర్మన్ కూడా. లె మాన్‌లో మూడుసార్లు దిగి మూడుసార్లూ గెలిచాడు. యజమానే డ్రైవరైతే కారుకు దక్కే సేవ ఎలా ఉంటుందో చెప్పనక్కరలేదు.

అసలు చిక్కు ఆ సేవతోనే మొదలైంది. లండన్‌లోని క్రికిల్‌వుడ్ కార్ఖానాలో రేసు బళ్ళను చూసుకునే మెకానిక్కులకు కారు ఒక పూజావిగ్రహం కాదు. రేసు అయ్యాక విప్పుతారు. అరిగింది తీసేస్తారు, బిగువైనది పెడతారు. ఒక జట్టు కారు భాగం ఇంకో జట్టు కారులోకి వెళుతుంది. తర్వాతి రేసు నాటికి బండి నిలబడాలి, అంతే. అరవై ఏళ్ళ తర్వాత ఒక న్యాయమూర్తి ఈ గేర్‌బాక్స్ పెంకు ఏ ఏటిదని అడుగుతాడని వాళ్ళకు తెలిస్తే నవ్వుకునేవారేమో.

1931లో ఇంగ్లండులోని బ్రూక్‌లాండ్స్ కాంక్రీటు ట్రాక్ మీద ఇదే పేరుతో జాక్ డన్‌ఫీ, సిరిల్ పాల్ 500 మైళ్ళ రేసు గెలిచారు. మరుసటి ఏడాదికి ఇంజినే మారిపోయింది. 7,983 సీసీల ఎనిమిది లీటర్ల ఇంజిన్ బిగించారు. 1932 సెప్టెంబరులో అదే 500 మైళ్ళ రేసులో, జాక్ తమ్ముడు క్లైవ్ డన్‌ఫీ నడుపుతుండగా బండి వాలు గోడ అంచు దాటి కిందకు పడింది. క్లైవ్ చనిపోయాడు. ఆ శిథిలాన్ని బర్నాటో తిరిగి కట్టించాడు, ఈసారి రేసు కోసం కాదు, రోడ్డు మీద తిరగడానికి. తర్వాతి చేతుల్లో ఇంకా మార్పులు జరిగాయి.

ఇక కోర్టు తేల్చిన లెక్క. 1929లో గెలిచిన కారు నుంచి మిగిలింది ఏ కాలానివో చెప్పలేని చిల్లర అమరికలే. 1930లో గెలిచిన కారు నుంచి పెడళ్ళ షాఫ్టు, గేర్‌బాక్స్ పెంకు, స్టీరింగ్ కాలమ్. 1932 ప్రమాదపు కారు నుంచి మాత్రం చాలా ఉంది: ఛాసిస్, ముందు ఇరుసు దూలం, స్ప్రింగులు, వెనక బ్రేకులు, ఆ ఎనిమిది లీటర్ల ఇంజిన్. ఇంత విన్నాక మామూలు మనిషి కొనుగోలుదారు పక్షాన నిలబడతాడు. న్యాయమూర్తి నిలబడలేదు. ఈ కారు ఏనాడూ కనుమరుగై మళ్ళీ పుట్టలేదు, ముక్కలుగా చెదిరి వేరొకచోట పోగవలేదు, దీని చరిత్రలో తెగిన చోటు లేదు, కనుక ఇది ఓల్డ్ నంబర్ వన్నే అని తీర్పు చెప్పాడు. తొలినాటి సరుకు కాకపోయినా కారు మాత్రం నిజమైనదే అన్నాడు. కొన్నవాళ్ళు డబ్బు కట్టాల్సిందే.

ఈ తీర్పు ప్రస్తావన వచ్చినప్పుడల్లా పాశ్చాత్య రచయితలు థీసియస్ ఓడను ముందుకు తెస్తారు. ఏథెన్స్ వాళ్ళు ఆ ముప్పై తెడ్ల ఓడ పలకలు పుచ్చినకొద్దీ మారుస్తూ వచ్చారని, అది అదే ఓడా కాదా అని తత్త్వవేత్తలు వాదించుకున్నారని ప్లూటార్క్ రాశాడు. ఆ ఉదాహరణ మంచిదే. కానీ బండి గురించి అడిగే ప్రశ్నకు బండితోనే జవాబు చెప్పినవాళ్ళు మనవైపు ఉన్నారు.

మిలిందపన్హ అనే పాలి బౌద్ధ గ్రంథంలో మిలింద రాజు, అంటే యవనుడైన మినాండర్, భిక్షువు నాగసేనుణ్ణి నీవెవరని అడుగుతాడు. నాగసేనుడు ఎదురు ప్రశ్న వేస్తాడు: రాజా, ఎలా వచ్చావు? రథం మీద. నొగ రథమా? కాదు. ఇరుసా? కాదు. చక్రాలా, కాడా, పగ్గాలా? కావు. అన్నీ కుప్ప పోస్తే రథమా? అదీ కాదు. మరి ఇవన్నీ తీసేశాక వేరే రథమంటూ ఏమైనా ఉందా? లేదు. అయితే రాజు అబద్ధం చెప్పాడా? లేదు. ఈ భాగాలను ఆధారం చేసుకుని వాడుకలో నడిచే పేరే రథం. మనిషీ అంతే. కొన్ని వందల ఏళ్ళ తర్వాత బౌద్ధ ఆచార్యుడు చంద్రకీర్తి ఈ విచారణను ఏడు విధాలుగా విస్తరించి, ఏడింటిలో ఎక్కడా రథం దొరకదని తేల్చాడు. దొరకకపోయినా అది ప్రయాణానికి పనికొస్తుందనీ అన్నాడు. క్రికిల్‌వుడ్ మెకానిక్కులు ఒప్పుకునే సిద్ధాంతం ఇదే.

న్యాయ దర్శనాన్ని నమ్మే నైయాయికులు దీన్ని ఊరికే వదల్లేదు. భాగాలకంటే వేరుగా ‘అవయవి’ అనే నిజమైన వస్తువు ఉందని వాళ్ళ పట్టు. లేకపోతే ఒక కొస పట్టుకుని లాగితే మొత్తం ఎందుకు కదిలి వస్తుంది? మొరాయించిన బండిని తాడు కట్టి లాగించుకున్న ఎవరికైనా ఈ వాదం బలం తెలుస్తుంది. ముందు కొక్కేనికి కట్టిన తాడుకు వెనక చక్రమూ జవాబు చెబుతుంది. అయితే ఈ గట్టి వస్తువాదానికి ఒక విచిత్రమైన మూల్యం ఉంది. వస్త్రంలోంచి ఒక్క పోగు లాగినా పాత వస్త్రం నశించి, మిగిలిన పోగులతో కొత్తది, ఖండపటం, పుడుతుందని న్యాయ వైశేషికులు ఒప్పుకోవలసి వచ్చింది. ‘ఇది అదే’ అనిపించడం పోలిక వల్ల కలిగే గుర్తింపేనన్నారు. ఆ లెక్కన స్పార్క్ ప్లగ్గు మార్చినప్పుడల్లా కొత్త కారు పుట్టినట్టే. రిజిస్ట్రేషన్ ఆఫీసులు ఈ దర్శనం చదవకపోవడం మన అదృష్టం.

కోర్టు తీర్పు ఏ దర్శనానికి దగ్గర? బౌద్ధులు ‘సంతానం’ అనే ప్రవాహానికే అనాలి. క్షణక్షణం మారుతున్నా ముందుదాన్నుంచి వెనుకది తెగకుండా పుడుతూ పోతే ఆ వరస ఒక్కటే. దీనికి మిలిందపన్హలోనే కోర్టు లాంటి సన్నివేశం ఉంది. ఒకడు ఎవరివో మామిడిపళ్ళు దొంగిలించి పట్టుబడతాడు. ‘తోట యజమాని నాటింది వేరే కాయలు, నేను తీసుకున్నవి వేరే కాయలు, నాకు శిక్ష ఎందుకు?’ అంటాడు. రాజు ఒప్పుకోడు. ఆ నాటిన వాటి వల్లనే ఈ పళ్ళు వచ్చాయి గనక వాడు దోషే. గెలిచిన కారు వేరు, మీరు అమ్మే కారు వేరు అన్న సంస్థ వాదన ఆ దొంగ వాదనకు దూరపు బంధువు.

ఇంతవరకు బాగానే ఉంది. సిద్ధాంతాన్ని ఇంకో కొసనుంచి కూడా పరీక్షించాలి. ఓల్డ్ నంబర్ వన్‌లో తొలినాటి సరుకు లేదు, తొలినాటి రూపమూ నిలవలేదు, అయినా అది అదే. మరి రూపం అచ్చుగుద్దినట్టు ఉండి వరస లేకపోతే? దానికీ ఉదాహరణ బెంట్లీ ఇంట్లోనే దొరుకుతుంది. కంపెనీ స్థాపకుడు డబ్ల్యూ.ఓ. బెంట్లీకి వేగం కావాలంటే ఇంజిన్ పరిమాణం పెంచాలన్నదే నమ్మకం. బిర్కిన్ వినలేదు. సంపన్నురాలు డొరొతీ పేజెట్ డబ్బుతో, ఆమ్‌హర్స్ట్ విలియర్స్ రూపొందించిన సూపర్‌చార్జర్‌ను నాలుగున్నర లీటర్ల బెంట్లీ ముక్కు దగ్గర బిగించాడు. ‘బ్లోయర్’ అని పేరుపడిన ఆ బండి గాలిని ఒత్తిడితో ఇంజిన్లోకి తోసేది. దానికి తగ్గట్టు పెట్రోలూ తాగేది. 1930 లె మాన్‌లో అది కారాచియోలా నడిపిన మెర్సిడెస్‌ను తరిమి తరిమి తానూ ఆగిపోయింది. ఆ మెర్సిడెసూ ఆగింది. గెలిచింది స్పీడ్ సిక్సే. లె మాన్ ఎన్నడూ గెలవని, కన్నతండ్రికే నచ్చని ఆ మార్పు నేడు బెంట్లీలన్నిటిలో ఎక్కువమంది గుర్తుపట్టే రూపం కావడం చరిత్ర చేసే తమాషా.

2020 నాటికి ఆ కంపెనీయే బిర్కిన్ బ్లోయర్‌ను విప్పి, ప్రతి భాగాన్నీ లేజర్‌తో కొలిచి, అదే మోస్తరు కొత్త కార్లు పన్నెండు తయారు చేయడానికి పూనుకుంది. జాగ్వార్ అంతకు ముందే, 2014లో, ఇలాంటి పని చేసింది. 1960ల్లో పద్దెనిమిది లైట్‌వెయిట్ ఈ-టైపులు అనుకుని పన్నెండుతో ఆపేసింది కదా, మిగిలిన ఆరు నంబర్లకు యాభై ఏళ్ళ తర్వాత కార్లు కట్టింది. కొలత తప్పని పనితనం, కట్టింది కన్న కంపెనీయే. అయినా కొత్త బ్లోయర్‌ను చూసి ఇదే బిర్కిన్ నడిపిన కారు అని ఏ అమ్మకందారూ అనడు. రూపం ఎంత సరిపోయినా చాలలేదు.

అయితే ఇది అన్నిచోట్లా చెల్లే సూత్రం కాదు. పూరీలో జగన్నాథుడి రథాన్ని ప్రతి ఏడూ కొత్త కర్రతో కడతారు, యాత్ర అయ్యాక విప్పేస్తారు. పదహారు చక్రాల ఆ రథం ఎప్పుడూ నందిఘోషే. అక్కడ కొలతా, పేరూ, చేసే పనీ చాలు. కానీ నవకళేబరం నాడు మాత్రం, చివరగా 2015లో జరిగినట్టు, కొత్త దారువిగ్రహాల్లోకి పాతవాటి బ్రహ్మపదార్థాన్ని మార్చాలి. ఒకే గుడిలో రథానికి ఒక నియమం, రథంలో కూర్చునేవాడికి ఇంకో నియమం. మన ఆగమాల్లోనూ జీర్ణోద్ధరణకు బాలాలయం, అంటే తాత్కాలిక గుడి, ఉంది. యాదగిరిగుట్టలో కొత్త కట్టడం లేచినన్నాళ్ళూ భక్తులు దర్శనం చేసుకున్నది అక్కడే, 2022 మార్చిలో దర్శనం తిరిగి గర్భాలయంలోకి మారేదాకా. రాళ్ళు మారుతున్నంతకాలం సేవ తెగకూడదన్న జాగ్రత్త అది. పాత కార్ల బజారుకు ఛాసిస్ నంబరు కొట్టిన ఇనుప ముక్క బ్రహ్మపదార్థం లాంటిది. ఆ ముక్క కోసం జరిగిన మోసాల్లో మాత్రం భక్తి లేదు.

ఇక ఇప్పటి రేసుల సంగతి. గుడ్‌వుడ్ రివైవల్ 1998 నుంచి, లె మాన్ క్లాసిక్ 2002 నుంచి పాత కార్లను మళ్ళీ పరుగెత్తిస్తున్నాయి. అంతర్జాతీయ మోటారు సమాఖ్య నియమావళిలోని అనుబంధం ‘కె’ ప్రకారం, కారు తన కాలంలో ఎలా పోటీ చేసిందో ఆ రూపంలోనే దిగాలి. దానికి సాంకేతిక పాస్‌పోర్టు ఉండాలి. డ్రైవరును కాపాడే రోల్ బార్, బెల్టు, మంటలార్పే పరికరం, చిట్లని పెట్రోల్ ట్యాంకు లాంటివి వేరు సంగతి. ఆ కాలపు కారులో లేకపోయినా నియమాలు వాటిని కోరతాయి. ప్రాణం కోసం చేసిన ఈ మార్పుల్ని తప్పుపట్టేవాడు బ్రూక్‌లాండ్స్ గోడను ఒకసారి తలుచుకోవాలి.

బయటికి కనపడని మార్పులే అసలు తకరారు. చూడ్డానికి పాత ఇంజినే, లోపల మాత్రం నేటి లోహంతో, కంప్యూటర్ యంత్రం చెక్కిన పిస్టన్లు, క్రాంకులు. పాత డ్రైవరు కలలో కూడా చూడని గుర్రాల శక్తి వస్తుంది. సమర్థించేవాళ్ళ వాదం తేలిగ్గా కొట్టిపారేసేది కాదు: రేసు కారు ధర్మమే మారడం. జాగ్వార్ సి-టైప్ 1951లో డ్రమ్ బ్రేకులతో లె మాన్ గెలిచింది. 1953లో డన్‌లప్ డిస్క్ బ్రేకులతో మళ్ళీ గెలిచింది. నాటి ఇంజినీర్లు ఆగలేదు, మేమెందుకు ఆగాలి? బర్నాటో ఇంజిన్ మారిస్తే చరిత్ర, మేము మారిస్తే అపచారమా?

జవాబు సంతాన సిద్ధాంతంలో దొరకదు, ఎందుకంటే దాని ప్రకారం ఇవి కూడా ఆ వరసలోనివే. కారు అదే కారు. ఇక్కడ ‘అదేనా?’ అన్న ప్రశ్న చేతులెత్తేసి ఇంకో ప్రశ్నకు చోటివ్వాలి: ఇది దేనికి సాక్ష్యం? డిస్క్ బ్రేకు తగిలించిన 1953 జట్టు ఒక కొత్త విషయం కనిపెట్టింది, పోటీదారులకు కనపడేలా వాడింది. పాత పెంకులో నేటి పిస్టన్ దాచి, దాన్ని పాతదిగానే చూపి గెలిచేవాడు ఆ పాత కాలం గురించి ఒక మాట చెబుతున్నాడు, ఆ మాట నిజం కాదు. ప్రమాణాల్లో శబ్దానికి, అంటే ఒకరు చెప్పిన మాటకు, విలువ చెప్పినవాడి ఆప్తతను బట్టి వస్తుందన్నారు మన తార్కికులు. పాత యంత్రానికీ అంతే. మార్పును రాసి పెట్టినవాడు మార్చినా ఆప్తుడే, దాచినవాడు ఒక్క వాల్వు మార్చినా కాడు. పాత వాహనాల అంతర్జాతీయ సమాఖ్య ఆమోదించిన ట్యూరిన్ చార్టర్ మరమ్మతులన్నిటినీ నమోదు చేయాలనడం వెనక ఉన్నదీ ఈ పట్టుదలే.

అలా రాసి పెట్టిన లెక్కే కదా ఆటన్ ముందు పరిచింది. అందులో జనం అంతగా పట్టించుకోని సంగతి ఒకటుంది. కోటి పౌండ్ల విలువ 1929, 1930 విజయాలది. చేతికి తగిలే ఇనుము మాత్రం ఎక్కువగా క్లైవ్ డన్‌ఫీని చంపిన కారుది. సంతానాన్ని ఒప్పుకుంటే వరసలోని పుణ్యాన్ని మాత్రమే ఏరుకోవడం కుదరదు. మామిడిపళ్ళ తగవులో నాగసేనుడు చెప్పదలచింది కూడా ముందు చేసిన పని ఫలం వెనకవాడికి తప్పదనే. బేరం ఖరారైన నాడు కొన్న సంస్థకు లె మాన్ గెలుపులతోపాటు ఆ సెప్టెంబరు మధ్యాహ్నం కూడా చట్టబద్ధంగానే దఖలు పడింది.