కాయకము - అధికారము - అంతరాత్మ

మానవునకు రెండు విధేయతలుండుట సహజము. ఒకటి తాను నమ్మిన దైవమునకు, రెండవది తాను స్వీకరించిన బాధ్యతకు. ఈ రెండును ఒకే దారిని సాగినంతకాలము చిక్కు లేదు. అవి వేరుపడిన దినమున ప్రభుత్వోద్యోగి యేమి చేయవలెను? ఈ ప్రశ్న నేడు పుట్టినది కాదు. కల్యాణ పట్టణమున బిజ్జలుని భాండాగారమును నిర్వహించిన బసవేశ్వరుడు 12వ శతాబ్దిలోనే దీనిని ఎదుర్కొనెను.

ఆ మహనీయుని చరితమును తెలుగువారికి ద్విపదలో అందించిన పాల్కురికి సోమనాథుని పేరు నేటి జనగామ జిల్లాలోని పాలకుర్తితో ముడివడి యున్నది. బసవపురాణమున ఒక ఘట్టము గలదు. రాజధనమును బసవన్న జంగములకు ధారపోయుచున్నాడని కొందరు బిజ్జలునకు కొండెములు చెప్పిరి. బసవన్న లెక్క చూచుకొనుమని ధనమును ముందుంచెను. కాసైనను తరుగలేదు. దీనిని మహిమగా మాత్రమే చదివి ముగించుట చాలదు. తాను భక్తుడను గనుక లెక్క చూపనక్కరలేదని బసవన్న అనలేదు. దాసోహము తన కాయకఫలము నుండి చేయవలసినదే గాని, పరుల సొమ్ముతో చేయవలసినది కాదు.

ఈ సీమకు చేరువనే మరియొక చరిత్ర గలదు. గోలకొండ తానీషా కాలమున పాల్వంచ పరగణా తహశీల్దారైన కంచెర్ల గోపన్న, వసూలైన సర్కారు పైకమును భద్రాచల రామాలయమునకు వెచ్చించి చెరపాలయ్యెను. ఆయన భక్తిని శంకింపరాదు. కాని ఆ పైకము రైతు కట్టిన శిస్తు. శ్రీరాముడే వచ్చి పైకము చెల్లించిన పిమ్మట గోపన్నకు చెర వీడినదని జనులు చెప్పుకొందురు. అనగా దైవకార్యమునకు వాడినను బాకీ బాకీయేయని ఆ కథ చెప్పుకొను భక్తజనులును అంగీకరించిరన్న మాట.

ధనము విషయమున ధర్మము ఇట్లు తేటపడుచున్నది. మనుష్యుల హక్కుల విషయమున ప్రశ్న మరింత కఠినము. బిజ్జలుని కొలువున మంత్రియైన బ్రాహ్మణుడు మధువరసు, చర్మకారుడైన హరళయ్య కుమారునకు తన కుమార్తెనిచ్చి వివాహము చేసెనని శరణ సంప్రదాయము. వర్ణాచారమే నాటి శాసనము. తండ్రులిద్దరికిని మరణదండన ప్రాప్తించెను. బసవన్న పదవిని విడిచి కూడలసంగమమునకు తరలిపోయెను. మధువరసు రాజముద్రను చాటుగా వాడుకొనలేదు. తన యింటి బిడ్డనే ఇచ్చి, ఫలితమును తానే అనుభవించెను.

నేడు స్థితి తారుమారైనది. నాడు దండనార్హమైన ఆ వివాహమును నేటి శాసనము రక్షించుచున్నది. 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టము ప్రకారము ముప్పది దినముల నోటీసుపై ఎవరైనను ఆక్షేపణ తెలుపవచ్చును. కాని అది వయస్సు, జీవించియున్న భార్య లేక భర్త, నిషిద్ధ బంధుత్వము, మానసిక స్థితి వంటి కారణములపైననే చెల్లును. కులము కారణము కాదు, మతము కారణము కాదు. జనగామలోనైనను మహబూబాబాదులోనైనను అట్టి దరఖాస్తు తన బల్లపైకి వచ్చినపుడు, కులాభిమానము గల అధికారి "రేపు రండు" అని తిప్పుటయు, పెద్దలకు రహస్యముగ కబురంపుటయు తన విశ్వాసమును పరుల నెత్తిపై రుద్దుటయే.

విదేశములలోను ఇట్టి సంఘర్షణ కలిగినది. 2015లో అమెరికాలోని కెంటకీ రాష్ట్రమున కిమ్ డేవిస్ అను కౌంటీ క్లర్కు, స్వలింగ వివాహములు తన మతమునకు విరుద్ధమని వివాహ లైసెన్సుల జారీని నిలిపివేసెను. న్యాయస్థానము ఆజ్ఞాపించినను వినక ఆమె కొన్ని దినములు చెరలో నుండెను. ఆమె నమ్మకము నిజమైనదే కావచ్చును. కాని ఆ కుర్చీని విడువక, దాని అధికారముతోనే వచ్చినవారిని త్రిప్పి పంపెను.

అట్లయిన అన్యాయమైన ఆజ్ఞకును తలవంచవలెనా? వలదు. ఒకని హక్కును హరింపుమన్నపుడు నిరాకరించుట వేరు. ఒకనికి చెందిన హక్కును తాను ఈయనని నిరాకరించుట వేరు. మొదటిది పౌరుని రక్షించును, రెండవది పౌరుని శిక్షించును. తన మనస్సు ఒప్పనిచో అధికారి పైవారికి వ్రాతమూలకముగ తెలుపవచ్చును, ఆ పని నుండి తప్పింపుమని కోరవచ్చును, తుదకు రాజీనామా చేయవచ్చును. రాజ్యాంగపు 25వ అధికరణము మనస్సాక్షికి స్వాతంత్ర్యమిచ్చినది. ఇతరుల ప్రాథమిక హక్కులకు లోబడియే ఇచ్చినది.

శివరాత్రి జాతరకు కురవి వీరభద్రస్వామి సన్నిధిలోను, భూపాలపల్లి జిల్లా కాళేశ్వరమున గోదావరి తీరమునను బందోబస్తు చేయువారిలో అన్యమతస్థులుందురు, ఏ దైవమును నమ్మనివారును ఉందురు. యాత్రికులకు నీరు, నీడ, రక్షణ కల్పించుటకు వారికి మన విశ్వాసము అవసరము కాలేదు. వారి నుండి మనము కోరు న్యాయమునే మన బిడ్డలు ఉద్యోగములలో ఇతరులకు చూపవలదా?

నుదుట విభూతిని, ఎదపై ఇష్టలింగమును తొలగించి కార్యాలయమునకు పొమ్మని ఎవరును అనుట లేదు. కాని చేతిలోని కలము ప్రజలది. విశ్వాసమునకు మూల్యము చెల్లింపవలసి వచ్చినపుడు విశ్వాసియే చెల్లించవలెను. గుమ్మము ముందు దరఖాస్తుతో నిలిచిన దీనుడు దానిని చెల్లింపరాదు. కల్యాణము విడిచి నడచిన బసవన్న అడుగుజాడలు చెప్పునది ఇదియే.